ఎన్ని కిలోలు తగ్గిందని అడగడం మానేద్దాం

మా వదిన బెంగళూరులో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఆమె కనపడితే చాలు, అందరూ అడిగింది ఒకటే: ఎన్ని కిలోలు తగ్గినావు? పెళ్ళిళ్ళలో అడిగారు, గుళ్ళో అడిగారు, కూరగాయల మార్కెట్లో అడిగారు. ఆసుపత్రి నుంచి నెలనెలా ఫోన్ చేసే అమ్మాయి కూడా ముందు అదే అడిగేది. 32 అని వదిన చెప్పగానే అందరికీ సంతోషం. ఆ 32లో ఏమేం పోయాయో మాత్రం ఎవరూ అడగలేదు.

కొన్ని నెలల కిందట ఆమె రివ్యూకి వెళ్ళొచ్చి తెచ్చిన రిపోర్టు చూసినప్పటి నుంచి నాకు ఒక విషయం గట్టిగా అనిపిస్తోంది. ఈ ఆపరేషన్ తర్వాత మనిషి బాగుపడిందో లేదో చెప్పడానికి కాటా సరిపోదు. దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే కీడు కూడా జరుగుతుంది. ఎందుకు అలా అనుకుంటున్నానో కొంచెం వివరంగా రాస్తాను. వదినను అడిగి, ఆమె సరే అన్నాకే రాస్తున్నాను.

రిపోర్టులో ఉన్న ఎనిమిది కిలోలు

ఆపరేషన్‌కి ముందు వదిన బరువు 108 కిలోలు. ఆ రివ్యూ రోజుకు 76. చెప్పులు విడిచి ఒక మిషన్ మీద నిలబడి, రెండు చేతుల్తో పిడులు పట్టుకుంటే ఒంట్లో కొవ్వెంతో, కొవ్వు కానిదెంతో కాగితం మీద అచ్చు వేసి ఇస్తుంది కదా, ఆ పరీక్ష ఆమెకు ముందొకసారి, ఆ రివ్యూలో ఒకసారి చేశారు. ముందు కొవ్వు 52 కిలోలు, మిగతాది 56. రివ్యూలో కొవ్వు 28, మిగతాది 48. పోయిన 32 కిలోల్లో 24 కొవ్వు. మిగిలిన ఎనిమిది కొవ్వు కాదు.

కొవ్వు శాతం 48 నుంచి 37కి దిగిందని డాక్టరు గారు సంతోషంగా చెప్పారట. సంతోషపడాల్సిన విషయమే. ఆ ఎనిమిది కిలోల ఊసు మాత్రం రాలేదు. వదిన అడగలేదు, అన్న అడగలేదు, కాగితం ఫైల్లోకి వెళ్ళిపోయింది. "ఇదేంది వదినా?" అని నేను వేలు పెట్టి చూపిస్తే, "ఏమో, తగ్గిందంటే మంచిదే కదా" అనింది. కాసేపయ్యాక తనే మళ్ళీ అనింది: "కాటా మీద తేలిగ్గానే ఉండా గానీ, కింద కూర్చుంటే లేచేకి కావడం లేదు. లావుగా ఉన్నప్పుడే నయం, గోడ పట్టుకోనైనా లేస్తా ఉంటి."

32 కిలోల బరువు దిగిన మనిషి నేల మీద నుంచి లేవలేకపోవడం నాకు మింగుడు పడలేదు. అందుకే చదవడం మొదలుపెట్టాను.

వదిన రిపోర్టులో వింతేమీ లేదని తెలిసింది. ఎన్నో పరిశోధనల్ని కలిపి 2022లో వేసిన ఒక లెక్క ప్రకారం, ఈ ఆపరేషన్లు అయిన ఏడాదిలోపు సగటున ఎనిమిది కిలోల దాకా కొవ్వు కాని భాగం పోతుంది. తగ్గిన బరువులో అది ఐదో వంతు పైచిలుకు. అందులో సగానికి పైగా మొదటి మూడు నెలల్లోనే పోతుంది. అంటే మా వదిన సరిగ్గా సగటు మనిషి. సగటుగా ఉందని డాక్టరు గారికి అందులో చెప్పాల్సిందేమీ కనపడి ఉండదు. సగటు కాబట్టే ఈ ఇబ్బంది ఆమె ఒక్కదానిది అయ్యుండదని నాకు అనిపించింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ ఎనిమిది కిలోలూ కండ అని నేననడం లేదు. కొవ్వు కానిదంటే నీళ్ళు, రక్తం, కాలేయం, ఎముక, అన్నీ అందులోకే వస్తాయి. ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్ళు పట్టి ఉంచుతుంది. తిండి తగ్గిన మొదటి రోజుల్లో గ్లైకోజన్ ఖర్చయిపోతే ఆ నీళ్ళూ పోతాయి. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం చిన్నదవుతుంది. అది మంచిదే. 2022 లెక్కలోనే అచ్చంగా కండరాల వరకు తీసుకుంటే తగ్గింది మూడు కిలోలు చిల్లర. పైగా ఆ మిషన్ కండను నేరుగా తూచదు. ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారిందో చూసి లెక్క కడుతుంది. నీళ్ళు తాగి నిలబడినా, తాగకుండా నిలబడినా అంకె మారుతుంది. ఎక్స్‌రేలతో కొవ్వునూ కండనూ ఎముకనూ విడివిడిగా కొలిచే డెక్సా స్కాన్ అంతకంటే నమ్మకం, కానీ ప్రతి రివ్యూకీ డెక్సా ఎవరు తీయించుకుంటారు?

కాబట్టి ఎనిమిది అనే అంకె పట్టుకుని నేను ఏడవదలచుకోలేదు. నేల మీద నుంచి లేవలేకపోవడానికి మాత్రం ఏ మిషనూ అక్కర్లేదు.

ఒళ్ళు కండను ఎందుకు తింటుంది

వదినకు చేసింది స్లీవ్ ఆపరేషన్. పొట్టలో 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేసి, సన్నటి గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే ఆకలి చచ్చిపోతుంది. మొదటి వారాలు నీళ్ళలాంటి ఆహారం, తర్వాత మెత్తటిది, ఆ తర్వాత మామూలుది, అదీ గుప్పెడు. బరువు తగ్గడానికే చేసే ఇంకో ఆపరేషన్ పొట్ట బైపాస్, దాని పద్ధతి వేరైనా తిండి విషయంలో కథ ఇంచుమించు ఇదే.

తిండి ఇంత తగ్గినప్పుడు ఒళ్ళు కొవ్వు కరిగించుకుని బతకొచ్చు కదా, ఎలాగూ కావలసినంత ఉంది కదా అని మనకు అనిపిస్తుంది. శక్తి వరకు అది నిజమే. కానీ రక్తానికి, చర్మానికి, జుట్టుకి, పుండు మానడానికి రోజూ ప్రొటీన్ కావాలి. కొవ్వులో ప్రొటీన్ లేదు. అవసరానికి తీసుకోవడానికి ఒంట్లో ప్రొటీన్‌కి విడిగా ఒక గిడ్డంగి లేదు. తీసుకోవడానికి ఎక్కువగా ఉన్నది కండలోనే. మా అనంతపురం జిల్లాలో వరుసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో విత్తనానికి దాచిన చెనిక్కాయలు ఒలుచుకుని తిన్న ఇళ్ళున్నాయి. ఒళ్ళు చేసేదీ అదే. రేపటికి కావలసినదాన్ని ఈ రోజు గడవడానికి వాడుకుంటుంది.

వదినకు నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ఇంట్లో అందరూ దానికే టెన్షన్ పడ్డారు. నూనెలు మార్చారు, షాంపూ మార్చారు. వేగంగా బరువు తగ్గినవాళ్ళకు మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం మామూలే, చాలామందికి మళ్ళీ వస్తుంది. ఆమెకూ వచ్చింది. జుట్టు కాబట్టి అద్దంలో కనపడింది, అందరూ పట్టించుకున్నారు. తొడ కండ పోవడం చీర కింద ఎవరికి కనపడుతుంది?

అయితే ఆపరేషనే తప్పంటావా?

ఇది మా అన్న అడిగిన ప్రశ్న. కొంచెం కోపంగానే అడిగాడు. అప్పు చేసి, బంధువుల మాటలు పడి, నాలుగు గంటల దారి కారులో తీసుకెళ్ళి చేయించిన మనిషి. ఆయన కోపంలో న్యాయం ఉంది.

తప్పని నేననను. వదినకు షుగరు ఉంది, మోకాళ్ళు పాడయ్యాయి, నిద్రలో గురక పెట్టి ఊపిరాడక లేచి కూర్చునేది. ఇప్పుడు షుగరు మాత్రలు మూడు నుంచి ఒకటికి వచ్చాయి. రాత్రిళ్ళు అన్న నిద్రపోతున్నాడు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి వేలమందిని గమనించిన పరిశోధన ఒకటుంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో మరణాలు తక్కువని 2007లో దాని ఫలితం వచ్చింది. ఆపరేషన్ తర్వాత పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకున్న కొవ్వు బాగా కరుగుతుంది. షుగరుకి, గుండెకు ఎక్కువ చేటు చేసేది ఆ కొవ్వే. ఈ లాభాలను కాదనడం నా ఉద్దేశం కాదు. ఇది చదివి అవసరం ఉన్నవాళ్ళు ఎవరైనా భయపడి మానుకుంటే నాకు బాధ.

డాక్టర్లు చెప్పే ఇంకో వాదన కూడా సబబైనదే. లావుగా ఉన్నవాళ్ళకు ఆ బరువు మోయడానికి కాళ్ళలో కండ మామూలుకంటే ఎక్కువే పెరిగి ఉంటుంది. బరువు దిగాక అంత కండ అక్కర్లేదు, కొంత తగ్గడం సహజం. కిలో బరువుకి ఎంత బలం అని లెక్కేస్తే ఆపరేషన్ తర్వాత చాలామందికి బలం పెరుగుతుంది. మెట్లెక్కడం, నడవడం నయమవుతాయి. వదిన విషయంలోనూ నడక నయమయింది. సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా ఆగకుండా నడుస్తోంది. ముందైతే రెండు చోట్ల కూర్చునేది.

ఈ వాదనను నేను సగమే ఒప్పుకుంటాను. ఎందుకంటే అది మొదట్లో కావలసినంత కండ ఉన్న మనిషికి సరిపోతుంది. మనవాళ్ళలో ఆ కండ మొదట్నుంచీ ఉందా?

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన ఒక ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే అంకె బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. అదే ఎత్తుకి అదే బరువులో మనకు కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. అందుకే మనకు బీఎంఐ హద్దులు కిందికి దించారు. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియావాళ్ళకు బీఎంఐ 27.5 నుంచే ఆపరేషన్ గురించి ఆలోచించొచ్చు అంటున్నాయి. షుగరున్నవాళ్ళ దృష్టితో చూస్తే మంచి మాటే. కానీ తక్కువ కండతో మొదలయ్యే మనిషికి పోగొట్టుకోవడానికి ఉన్నదే తక్కువ. ఆ మూడు కిలోల కండ ఒక స్వీడన్ మనిషికి ఎంతో, ముప్పై ఏళ్ళు వంటింట్లో నిలబడి చివర్లో మిగిలింది తిన్న 46 ఏళ్ళ అనంతపురం ఆడమనిషికీ అంతే అని నేననుకోలేను. ముట్లు ఆగే వయసు కూడా దగ్గరపడుతోంది. అప్పుడు కండా ఎముకా ఎటూ తగ్గుతాయి.

అన్నకు ఇదే చెప్పాను. ఆపరేషన్ సరైనదే, ఆపరేషన్ అయ్యాక మనం చూస్తున్న అంకె సరైనది కాదు అని. ఆయన ఏమీ అనలేదు, కానీ ఫైలు తీసి ఆ కాగితం ఇంకోసారి చూశాడు.

నాలుగు గుడ్లు ఎవరికి?

ఆపరేషన్ అయినవాళ్ళు రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ తినాలని, ఆ మనిషి ఎత్తుకు ఉండాల్సిన బరువులో కిలోకు గ్రామున్నర దాకా కూడా అవసరపడొచ్చని మార్గదర్శకాలు చెప్తాయి. డిశ్చార్జి రోజు ఇచ్చిన ఇంగ్లీషు కాగితంలో ఇది ఉంది. ఆ కాగితం ఎవరూ వదినకు చదివి చెప్పలేదు.

ఒక రోజు ఆమెతో కూర్చుని తిన్నవన్నీ రాశాను. పొద్దున ఒక ఇడ్లీ, కాఫీ. పదకొండుకు మజ్జిగ. మధ్యాహ్నం నిమ్మకాయంత సంగటి, రెండు గరిటెల పల్చటి పప్పు. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు. రాత్రి నాలుగు ముద్దల పెరుగన్నం. ఎంత ఉదారంగా లెక్కేసినా 30 గ్రాములు దాటలేదు. ఆమెకు ఇంకా తినాలని లేదు, పొట్టలో చోటూ లేదు. ఉన్న కాస్త చోటును సంగటీ అన్నమూ నింపేస్తున్నాయి. మా రాగి సంగటి మీద నాకున్న ప్రేమ తక్కువేం కాదు గానీ, వంద గ్రాముల రాగిపిండిలో ప్రొటీన్ ఏడు గ్రాములే. పొట్ట చిన్నదైన మనిషి ముందు గుడ్డో, చికెనో, పన్నీరో, గట్టి పప్పో తిని, చోటు మిగిలితే సంగటి తినాలి. మన కంచంలో ఎప్పుడూ సంగటి నడుమ, మిగతావి దాని పక్కన. ఆ వరస తిరగేయడం రాసినంత తేలిక కాదు.

అదే ఇంట్లో, అదే పొయ్యి మీద, రోజూ పొద్దున నాలుగు గుడ్లు ఉడుకుతున్నాయి. అవి మా అన్న కొడుక్కి. వాడు కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి పరిగెత్తుతున్నాడు. ఆ గుడ్లు ఉడకబెట్టేది వదినే. పెంకు తీసి పెట్టేదీ ఆమే. ఆమెకు పెట్టకూడదని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఆమెకూ కావాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఆమెతో సహా. కండ అంటే పరిగెత్తే పిల్లోడికి కావాల్సింది, లావుగా ఉన్న ఆడమనిషికి కావాల్సింది తక్కువ తినడం అని అందరి బుర్రల్లోనూ ఉంది. నేను మాట్లాడాక మేనల్లుడే రోజూ రెండు గుడ్లు ఎక్కువేసి, అమ్మ తినేదాకా కదలడం లేదు.

శనివారం, సోమవారం గుడ్డు లేదు. కార్తీకమాసం నెలంతా లేదు. ఆ నమ్మకాల జోలికి నేను పోను. ఆ రోజులకు గడ్డపెరుగు, పన్నీరు, మీల్‌మేకర్ ఉన్నాయి. ఎండు మీల్‌మేకర్‌లో సగం బరువు ప్రొటీనే, ధరా తక్కువ. ఉలవలూ మంచివే, కానీ మనం కట్టుతో చారు కాచుకుని గుగ్గిళ్ళు ఎద్దులకు పెట్టిన జాతి. ప్రొటీన్ ఎక్కువగా ఆ గింజల్లోనే ఉంటుంది. చెనిక్కాయల్లో వందకు 25 గ్రాముల దాకా ప్రొటీన్ ఉన్నా దానికి రెట్టింపు నూనె ఉంది. అందుకే వాటి మీదే ఆధారపడలేం. ప్రొటీన్ పొడి డబ్బా మొదటి రెండు నెలలు కొన్నారు, తర్వాత ఆపేశారు. "అంత డబ్బు పెట్టి పొడి ఏందిలే, అన్నం తింటాండా కదా" అని వదినే ఆపించింది. లక్షలు పోసి చేయించుకున్న ఆపరేషన్ ఫలితాన్ని కాపాడే డబ్బా అది. ఇంట్లో ఖర్చు తగ్గించాలంటే మొదట తగ్గేది ఆమె వస్తువే.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఈ లెక్కలేవీ సొంతంగా పాటించకూడదు, డాక్టరు చెప్పినంతే తినాలి. షుగరు ఉన్నవాళ్ళలో కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి గుర్తుచేస్తున్నాను.

నడక ఒక్కటే చాలదు

పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు వెళ్తే సగం ఊరు అక్కడే నడుస్తుంటుంది. వదిన కూడా నడుస్తుంది. నడక గుండెకు మంచిది, షుగరుకు మంచిది, మనసుకూ మంచిది. కానీ నేల మీద నుంచి లేవాలంటే తొడలకు, పిరుదులకు బలం కావాలి. ఆ బలం బరువుకు ఎదురు పనిచేస్తేనే వస్తుంది. లావుగా ఉన్న ఆడమనిషికి నడువు, తక్కువ తిను అని చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. బరువులు ఎత్తు అని చెప్పేవాళ్ళు నాకింతవరకు కనపడలేదు.

ఈ విషయంలో నేను చదివినవాటిలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఫ్రాన్స్‌లో చేసిన ఒక పరిశోధన, 2018లో వచ్చింది. బైపాస్ చేయించుకున్న ఆడవాళ్ళను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు సలహాలు, ఒక జట్టుకు అదనంగా ప్రొటీన్, ఇంకో జట్టుకు ప్రొటీన్‌తో పాటు బరువులతో వ్యాయామం. ఆరు నెలల తర్వాత చూస్తే మూడు జట్లలోనూ కొవ్వు కాని భాగం ఇంచుమించు ఒకేలా తగ్గింది. ప్రొటీన్ తిను, బరువులెత్తు, కండ నిలుస్తుంది అని అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్న నాకు ఇది పెద్ద దెబ్బే. కానీ అదే పరిశోధనలో ఇంకో ఫలితం ఉంది. వ్యాయామం చేసిన జట్టుకు బలం పెరిగింది. కండ కిలోల్లో తేడా లేకపోయినా బలంలో తేడా వచ్చింది.

అది చదివాక నా అభిప్రాయం ఇంకొంచెం గట్టిపడింది. కొవ్వు కిలోలే కాదు, కండ కిలోలు కూడా మనకు అసలు లెక్క కాకూడదు. మిషన్ ఇచ్చే అంకెల్లో ఒకదాని బదులు ఇంకొకటి పట్టుకుని కూర్చుంటే మళ్ళీ అదే తప్పు. మనిషికి ఏం చేతనవుతోంది అన్నది చూడాలి. దానికి ఖర్చులేని పరీక్షలున్నాయి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం ఒకటి. కండ బలం తగ్గడం మీద ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న హద్దు ప్రకారం 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పట్టించుకోవాలి. చేతి పట్టు కొలిచే చిన్న పరికరం ఉంటుంది. ఆడవాళ్ళకు 18 కిలోల కంటే, మగవాళ్ళకు 28 కిలోల కంటే తక్కువ వస్తే బలం తగ్గినట్టు.

వదినకు కుర్చీ పరీక్షలో 17 సెకన్లు పట్టింది. ఊళ్ళోనే ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాను. జిమ్ముకు పోనక్కర్లేదంది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం, రబ్బరు బెల్టు లాగడం, నీళ్ళ బాటిళ్ళు ఎత్తడం, కొన్నాళ్ళకు ఐదు కిలోల బియ్యం సంచి చంకలో పెట్టుకుని లేవడం. వారానికి మూడు రోజులు. "ఈ వయసులో నాకు పహిల్వాన్ కసరత్తులా?" అనింది వదిన మొదట. ఎదురింటి ఆమె కిటికీలోంచి చూస్తోందని తలుపులేసుకుని చేసింది. ఇప్పుడు ఆ ఎదురింటి ఆమె కూడా వచ్చి చేస్తోంది.

ఒక కిలో పెరిగినందుకు ఏడ్చింది

కసరత్తు మొదలుపెట్టి నాలుగైదు నెలలయింది. కుర్చీ పరీక్ష 13 సెకన్లకు దిగింది. 12 లోపుకి మాత్రం ఇంకా రాలేదు. నేల మీద నుంచి ఒక చెయ్యి ఆనించి లేస్తోంది. వరలక్ష్మీ వ్రతానికి కింద కూర్చుని పూజ చేసుకుంది, రెండేళ్ళుగా కుర్చీలో కూర్చునే చేసేది. అదే వారం కాటా ఎక్కితే 77 చూపించింది. ఒక కిలో పెరిగింది.

ఆ కిలో కోసం ఆ మనిషి ఏడ్చింది. మళ్ళీ లావైపోతానేమో, పెట్టిన డబ్బంతా పోతుందేమో, అందరూ ఏమంటారో అని. నెలవారీ ఫోన్ వచ్చినప్పుడు 77 అని చెప్తే, అవతల అమ్మాయి "డైట్ తప్పారా మేడమ్?" అంది. పాపం ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమె ముందున్న ఫారంలో బరువు ఒక్కటే ఉంది. ఆ రాత్రి వదిన గుడ్డు తినలేదు. కాటా మనిషికి కీడు చేస్తుందని మొదట్లో రాసింది ఇందుకే. బలం పెరుగుతున్న మనిషిని అది మళ్ళీ పస్తులవైపు తోసింది.

ఆ కిలో కండో, కొవ్వో, నీళ్ళో మళ్ళీ మిషన్ ఎక్కితే గానీ చెప్పలేం. కొవ్వే అయ్యుండొచ్చు కూడా. ఏడాదీ రెండేళ్ళ తర్వాత కొంత బరువు తిరిగి రావడం చాలామందికి జరుగుతుంది. తిరిగొచ్చేదాంట్లో ఎక్కువ భాగం కొవ్వే. ఒంట్లో కొవ్వు కణాల సంఖ్య ఈ ఆపరేషన్ తర్వాత కూడా దాదాపు అలాగే ఉంటుందని, వాటి సైజు మాత్రమే తగ్గుతుందని 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఖాళీ అయిన ఆ కణాలు మళ్ళీ నిండటానికి సిద్ధంగానే ఉంటాయి. పోయిన కండ మాత్రం కష్టపడితేనే వస్తుంది. తగ్గినప్పుడు కొవ్వూ కండా రెండూ పోయి, పెరిగినప్పుడు కొవ్వే వస్తే, పదేళ్ళకు మిగిలేది పాత బరువుకు దగ్గరగా ఉన్న బలహీనమైన ఒళ్ళు. ఈ ఆపరేషన్ల తర్వాత, బైపాస్ అయితే మరీ, ఎముకలు కూడా పలుచబడతాయి. కాళ్ళలో బలం లేక పడిపోయి, పలుచని ఎముక విరిగితే ఆ ఇంటి పరిస్థితి ఏమిటి?

ఆపరేషన్ల సంగతి ఒక్కటే కూడా కాదిది. 2025లో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. వాటితో తగ్గే బరువులోనూ కండ వాటా ఉంటుంది. కాటా చూసుకుని మురిసిపోయే ఇళ్ళు ఇంకా పెరుగుతాయి.

వచ్చే రివ్యూకి

వచ్చే నెల రివ్యూకి వదినతో నేనూ వెళ్తున్నాను. బి12, ఐరన్, డి విటమిన్, కాల్షియం పరీక్షలు ఎలాగూ రాస్తారు, అవి మానకూడదు. వాటితో పాటు ఎముకల స్కాన్ ఎప్పుడు తీయాలో అడుగుతాను. చేతి పట్టు కొలవమంటాను. పరికరం లేదంటే ఒకటి కొనమని చెప్తాను. అంత పెద్ద ఆపరేషన్ థియేటరు నడిపేవాళ్ళకు అదొక ఖర్చు కాదు. డిశ్చార్జి కాగితం తెలుగులో, కన్నడంలో కూడా ఇవ్వమంటాను. ఆ మిషన్‌లోంచి వచ్చిన కాగితంలో కొవ్వు కాని భాగం దగ్గర ఆగి రెండు నిమిషాలు మాట్లాడమంటాను.

ఆపరేషన్‌కి సిద్ధమవుతున్నవాళ్ళు ఇది చదువుతుంటే, అడ్మిట్ అవ్వకముందే కుర్చీ పరీక్ష చేసుకుని ఆ సెకన్లు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. తర్వాత పోల్చుకోవడానికి వదిన దగ్గర అది లేదు. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఒక ఏడాదికి గుడ్లు, పన్నీరు, పొడి, ఫిజియోథెరపిస్ట్ ఫీజు కూడా కలిపి అప్పు ఎంత కావాలో చూసుకోండి. ఆ డబ్బు ఆపరేషన్ బిల్లులో భాగమే అనుకోమని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి.

నెలవారీ ఫోన్ చేసే అమ్మాయిని కూడా రివ్యూ రోజు కలుద్దామనుకుంటున్నాను. వదిన బరువుతో పాటు కుర్చీ సెకన్లు కూడా ప్రతి నెలా అడగమని చెప్తాను. ఫారంలో దానికి గడి లేదంటే, పక్కన ఖాళీలో పెన్నుతో రాయమంటాను.